సంచీ మోస్తే ఐదు వేలు

మొన్న వేసవిలో మన రాత్రి కేంద్రానికి వచ్చే ఒక తల్లి, పలక పక్కన పెట్టి నన్ను ఒక మాట అడిగింది.

"మాష్టారూ, మావాడి జేబులో ఐదు వేలు దొరికాయి. ఎక్కడివిరా అంటే సంచీ మోసినందుకు ఇచ్చారంటున్నాడు. సంచీ మోస్తే ఐదు వేలు ఎవరిస్తారు బాబూ?"

ఆమె తెల్లవారుజామున లేచి చేపల గంపలు మోస్తుంది. రోజంతా మోసినా ఆమెకు ఐదు వందలు రావు. అందుకే ఆ లెక్క ఆమెకు తేడాగా కనిపించింది. కొడుక్కి పదిహేడేళ్లు. పదో తరగతి తప్పాడు, ఇక బడి మొహం చూడలేదు.

ఆ సంచీలో ఏముందో మీకు అర్థమయ్యే ఉంటుంది. గంజాయి. అది ఎక్కడినుంచి వచ్చింది? ఈ పిల్లవాడి భుజానికే ఎందుకు ఎక్కింది? అది చెప్పుకుందాం.

కొండ మీది సరుకు

అల్లూరి సీతారామరాజు జిల్లా పేరు మీరు వినే ఉంటారు. 2022లో కొత్త జిల్లా అయింది. అంతకుముందు అందులో ఎక్కువ భాగం మన విశాఖ ఏజెన్సీయే. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు అక్కడివే. ఆ కొండల్లోనూ, పక్కనే ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల్లోనూ ఏళ్ల తరబడి గంజాయి దొంగచాటుగా పండింది. గిరిజనులు పండించారు అని అందరూ సులువుగా అనేస్తారు. విత్తనం ఇచ్చింది ఎవరు? అడ్వాన్సు ఇచ్చింది ఎవరు? కింద నుంచి వెళ్లిన వ్యాపారులు. లాభం వాళ్లది. జైలు మాత్రం కొండవాళ్లకు.

2021లో పోలీసులు 'పరివర్తన' అనే పేరుతో కొండలెక్కి వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 2 లక్షల కిలోలంటే ఎంత? పది టన్నుల లారీలు ఇరవై నిండుతాయి. ఆ తరవాత మనవైపు సాగు బాగా తగ్గింది. కానీ ఒడిశా నుంచి సరుకు దిగడం ఆగలేదు. అది మన రోడ్ల మీదుగా, మన రైళ్లలోనే హైదరాబాదు, చెన్నై, ఇంకా దూరం పోతోంది.

అసలు యజమాని ఎప్పుడూ సరుకుతో పాటు ప్రయాణం చెయ్యడు. ఇది గుర్తు పెట్టుకోండి. ఆకును బాగా అదిమి, గోధుమరంగు టేపు చుట్టి పొట్లాలు కడతారు. ముందు ఒక బైకు పోతుంది. దానికి 'పైలట్' అని పేరు. దారిలో పోలీసులుంటే వాడు ఫోను చేస్తాడు. వెనక కారో, ఆటోయో, సంచీ తగిలించుకున్న కుర్రాడో వస్తాడు. దొరికేది ఆ కుర్రాడే. వాడికి యజమాని పేరు కూడా తెలియదు. తెలిసిన పేరు ఒక్క 'అన్న'.

మొదటిది ఉచితం

ముఠా అనగానే మనకు సినిమాలో లాగా కత్తులు, జీపులు గుర్తొస్తాయి. మా పేటలో ముఠా అలా ఉండదు. బడ్డీ కొట్టు వెనక ఐదారుగురు కుర్రాళ్లు కూచుంటారు. పెద్దవాడికి ఇరవై రెండో, ఇరవై మూడో. చేతిలో మంచి ఫోను, కింద బైకు. బడి మానేసిన పిల్లవాడు అటు పోతే "రారా తమ్ముడూ" అంటాడు. ఇంట్లో తిట్లు, వీధిలో వెక్కిరింపులు తిన్నవాడికి ఆ 'తమ్ముడూ' అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆలోచించండి. నా మటుకు నాకు అనిపించేది, సగం మత్తు ఆ మాటలోనే ఉంది.

మొదటి దమ్ము ఉచితం. రెండోదీ ఉచితమే. నెల పోయాక "డబ్బులు తర్వాత ఇద్దువులే" అంటాడు. ఇంకో నెలకు అది మూడు వేల బాకీ అవుతుంది. అప్పుడు మాట మారుతుంది. "డబ్బు లేదా? పోనీ, ఈ పొట్లం ఆ హాస్టలు కుర్రాడికి ఇచ్చిరా. బాకీ తీరిపోతుంది." బాకీ తీరదు. పని మాత్రం మొదలవుతుంది. పొట్లం పోయి సంచీ వస్తుంది.

ఈ పని ఒప్పుకోనివాడు డబ్బుకోసం ఇంకో దారి చూస్తాడు. ముందు ఇంట్లో గిన్నెలు, గ్యాసు బండ. తరవాత వీధిలో సెల్‌ఫోన్లు, ఆగి ఉన్న బళ్లు, ఒంటరిగా పోయే ఆడవాళ్ల మెడలో గొలుసులు. విజయవాడలోను, రాజమహేంద్రవరంలోను 'బ్లేడ్ బ్యాచ్' అనే మాట పేపర్లలో చాలాసార్లు వచ్చింది. గంజాయి, వైట్‌నర్ లాంటి మత్తుకు అలవాటుపడి, బ్లేడు చూపించి దారినపోయేవాళ్ల దగ్గర డబ్బు లాక్కునే కుర్రాళ్లకు జనం పెట్టిన పేరది. మత్తులో ఉన్నవాడికి భయం ఉండదు, ఎదుటివాడి నొప్పీ తెలియదు. నూరు రూపాయల కోసం మొదలైన పెనుగులాట ఒక్కోసారి హత్యకేసు అవుతుంది.

అయితే మత్తు అలవాటైన ప్రతివాడూ దొంగ కాదు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను. ఎందుకంటే అలా ముద్ర వేసినప్పుడే చాలామంది నిజంగా ముఠాలోకి పోతున్నారు. మరి ముందు మత్తా, ముందు ముఠానా? రెండు రకాలుగానూ జరుగుతుంది. నేను చూసిన పిల్లల్లో మాత్రం ఆ రెండింటికంటే ముందు ఇంకొకటి జరిగింది. బడి మానడం. బడి లేదు, పని లేదు, పొద్దుపోదు.

ఒంట్లో ఏం జరుగుతుంది

మనిషి మెదడు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా పెరుగుతూనే ఉంటుంది. ఆగి ఆలోచించే శక్తి అన్నిటికంటే చివర వస్తుంది. ఆ వయసులో రోజూ గంజాయి పీలిస్తే జ్ఞాపకం మందగిస్తుంది, చదువు మీద మనసు నిలవదు. కొందరికి లేని మాటలు వినిపిస్తాయి, అందరూ తన మీద కుట్ర చేస్తున్నట్టు ఉంటుంది. ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టదు, ఊరికే కోపం వస్తుంది. తల్లిదండ్రులు దాన్ని పొగరు అనుకుంటారు.

వైట్‌నర్, పంక్చర్ అతికించే సొల్యూషన్ గుడ్డలో పోసి పీల్చేది ఎక్కువగా చిన్నపిల్లలు. అవి చౌక, ఏ కొట్లోనైనా దొరుకుతాయి. ఆ ఆవిరికి ఒక్కోసారి గుండె హఠాత్తుగా ఆగిపోతుంది. మొదటిసారి పీల్చినవాడైనా సరే.

చట్టం ఏం చెబుతుంది

మత్తు పదార్థాల చట్టం 1985లో వచ్చింది. అందులో బరువే ముఖ్యం. గంజాయి 1 కిలో లోపు దొరికితే ఏడాది దాకా శిక్ష. 1 కిలో నుంచి 20 కిలోల దాకా ఉంటే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, లక్షకు తక్కువ కాని జరిమానా. బెయిలు రావడం చాలా కష్టం. "సంచీ నాది కాదు, మొయ్యమంటే మోశాను" అంటే సరిపోదు. అందులో ఏముందో తనకు తెలియదని వాడే రుజువు చేసుకోవాలి. ఐదు వేలకు పదేళ్లు. ఏడాదికి ఎంత పడింది? ఐదు వందలు. ఆ తల్లి ఈ లెక్క పలక మీద తనే వేసింది.

పద్దెనిమిది నిండనివాణ్ని జైల్లో పెట్టరు. వాడి కేసు పిల్లల న్యాయ మండలికి పోతుంది. ముఠాలు పిల్లల్ని వాడుకునేది అందుకే. "నువ్వు మైనరువి, నీకేం కాదు" అని చెబుతారు. అది సగం నిజం. పదహారు దాటినవాడు పెద్ద నేరంలో దొరికితే, పెద్దవాళ్లతో సమానంగా విచారించవచ్చునని 2015 చట్టం చెబుతోంది. అదే చట్టం ఇంకో మాట కూడా చెబుతుంది. పిల్లలచేత మత్తు సరుకు మోయించినా, అమ్మించినా ఏడేళ్ల దాకా శిక్ష. ఈ రెండో మాట 'అన్న' చెప్పడు.

ఇంకొకటి తెలుసుకోవాలి. కేవలం తాగినందుకో, కొద్దిపాటి సరుకు దగ్గర పెట్టుకున్నందుకో కేసైనవాడు, తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన ఆస్పత్రిలో చేరి పూర్తి చికిత్స తీసుకుంటే, ఆ కేసునుంచి రక్షణ ఉంది. పెద్ద సంచీ మోసినవాడికి ఈ వెసులుబాటు లేదు.

నేను చేసిన తప్పు

ఆ తల్లి అడిగిన మర్నాడు ఆ కుర్రాడు కేంద్రం ముందునుంచి పోతున్నాడు. నేను పిలిచి అందరి ముందూ తిట్టాను. టీచర్ ట్రైనింగులో పిల్లల మనసు గురించి ఒక పుస్తకం మొత్తం చదివాను. ఆ రోజు ఒక్క ముక్క గుర్తు రాలేదు. వాడు తల వంచుకుని పోయి బడ్డీ వెనక కూచున్నాడు. నాలుగు రోజులు ఇంటికి రాలేదు.

తిరిగొచ్చాక మేం ఎవరం తిట్టలేదు. నేను 14446కి ఫోను చేశాను. మత్తు అలవాటు మాన్పించడానికి సలహా ఇచ్చే నంబరు అది, డబ్బులు పడవు. వాళ్లు చెప్పినట్టే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకుపోయాం. అక్కడికి పోతే పిచ్చివాడంటారని తల్లి భయపడింది. ఆస్పత్రి వరండాలో తన కొడుకు వయసు పిల్లలు పదిమంది కనిపించేసరికి ఆ భయం పోయింది, ఇంకో బాధ మొదలైంది.

బాకీ అడగడానికి ఇద్దరు ఇంటికి వచ్చారు. ఆ మూడు వేలు ఇచ్చేద్దాం అంది తల్లి. ఇస్తే మళ్లీ వస్తారని నేనన్నాను. ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్లందరూ ఆమె అరుగు మీదే కూచుని చేపలు శుభ్రం చేశారు. వచ్చినవాళ్లు కాసేపు నిలబడి పోయారు. మళ్లీ వస్తే 1972కి ఫోను చెయ్యాలని అనుకున్నాం. 2024లో పెట్టిన 'ఈగల్' అనే పోలీసు విభాగం నంబరు అది. చిన్నపిల్లలైతే 1098.

వాడు ఈ మధ్యలో రెండుసార్లు మళ్లీ తాగాడు. ఆ మాట చెబితే డాక్టరు కోప్పడలేదు, చాలామందికి అలాగే జరుగుతుందన్నాడు. ఇప్పుడు పొద్దున్న మెకానిక్ షెడ్డుకు పోతున్నాడు. పదిహేను రోజులకోసారి ఆస్పత్రికి పోవాలి. ఆ తేదీలు క్యాలెండరు మీద వాళ్లమ్మే రాస్తుంది.