నాలుగు మాత్రలు – ఐదు అడుగులు

బడిలో డ్రిల్లు చేసేటప్పుడు మాస్టారు "లెఫ్ట్, రైట్" అంటుంటే మీరంతా కదం తొక్కుతారు. నాలుగు లెక్కలకు నాలుగు అడుగులు. ఎడమకాలితో మొదలుపెడితే ఐదో లెక్కకు మళ్ళీ ఎడమకాలే లేస్తుంది. నాలుగు సరి సంఖ్య కదా!

మరి నాలుగు లెక్కల కాలంలో ఐదు అడుగులు వేస్తే? క్యూబా దేశపు జంట నృత్యం 'ఛా-ఛా-ఛా'లో జరిగేది అదే.

క్యూబా రాజధాని హవానా. 1950ల తొలినాళ్ళలో ఎన్రికే హొర్రిన్ అనే వయొలిన్ విద్వాంసుడు అక్కడి నృత్యశాలలకు బాణీలు కట్టేవాడు. అప్పటి సంగీతంలో తాళపు విరుపులు ఎక్కువ కావడంతో చాలామందికి అడుగు కలిసేది కాదు. అది గమనించి ఆయన విరుపులు తగ్గించాడు. 1953లో రికార్డయిన 'లా ఎంగన్యదోరా' ఆ కొత్త బాణీలలో పేరు పొందినది. ఆడేవారి బూట్లు నేలమీద రాసుకుని చేసిన చప్పుడునుంచే 'ఛా-ఛా-ఛా' అనే పేరు వచ్చిందని హొర్రిన్ చెప్పాడు.

ఇక అడుగు నేర్చుకుందాం. తాళంలో ఒక్కొక్క లెక్కను మాత్ర అంటారు. నాలుగు మాత్రలు ఒక ఆవర్తం. పాదాలు దగ్గరగా పెట్టి, బరువంతా కుడికాలిపై ఉంచండి. రెండో మాత్రకు ఎడమకాలు ముందుకు వేయండి. మూడో మాత్రకు బరువును వెనుకనున్న కుడికాలి మీదికి తెచ్చుకోండి. తరువాత 'ఛా, ఛా, ఛా': ఎడమకాలు ఎడమ పక్కకు, కుడికాలు దాని దగ్గరకు, మళ్ళీ ఎడమకాలు పక్కకు. మొదటి రెండు 'ఛా'లకు అర మాత్ర చొప్పున, చివరిదానికి పూర్తి మాత్ర. ఆ చివరి 'ఛా' తరువాతి ఆవర్తంలోని మొదటి మాత్రపై పడుతుంది. కూడి చూడండి: 1 + 1 + ½ + ½ + 1 = 4. అడుగులు మాత్రం ఐదు!

ఇప్పుడు బరువు ఎడమకాలి మీద ఉంది. ఖాళీగా ఉన్నది కుడికాలు. కనుక రెండో సగం కుడికాలితో వెనక్కు మొదలై, కుడి పక్కకు సాగుతుంది. ముందుకు పోయినంత వెనక్కు, ఎడమకు పోయినంత కుడికి. పది అడుగులకు బయలుదేరిన చోటికే వస్తాం. చివరి 'ఛా' మానేసి నాలుగడుగులే వేస్తే? ప్రతిసారీ ఎడమకాలే ఖాళీగా ఉంటుంది. ఎడమకే జరుగుతూ పోయి చివరికి గోడకు తగులుతాం! ఐదు బేసి సంఖ్య కావడమే ఈ నృత్యాన్ని గదిలో నిలిపి ఉంచుతున్నది.

అయితే కొత్తగా నేర్చుకునేవారు లెక్క సరిగానే పెట్టి కూడా తప్పుకాలితో మొదలుపెడుతుంటారు. ఎందుకు? ఒక చిన్న ప్రయోగం చేయండి. కుడిభుజం, కుడిపాదం అంచు గోడకు ఆనించి నిలబడండి. ఇప్పుడు ఎడమకాలు ఎత్తండి. ఎత్తి నిలవలేరు! ఒంటికాలిపై నిలవాలంటే శరీరపు గరిమనాభి ఆ పాదానికి సరిగా పైకి రావాలి. అందుకు ఒళ్ళు కుడికి జరగాలి. గోడ జరగనివ్వదు.

అంటే ఒక కాలు లేవాలంటే ముందు బరువు రెండోకాలికి మారాలి. నృత్యంలో అడుగంటే పాదం నేలను తాకడం కాదు, బరువు మారడం. ఒక్క 'ఛా'లో పాదాన్ని ఊరికే ఆనించి బరువు మోపకపోతే ఐదు కాస్తా నాలుగవుతుంది. తప్పుకాలు ఖాళీగా మిగులుతుంది.

ఎదుట జోడీ ఉన్నప్పుడు ఈ పొరపాటు కాలివేళ్ళకు తెలుస్తుంది! జోడీ అడుగులు అద్దంలో బొమ్మలా ఉంటాయి. ఒకరు ఎడమకాలు ముందుకు వేస్తే, ఎదుటివారు కుడికాలు వెనక్కు వేస్తారు. ఒకరి ఎడమ, మరొకరి కుడి ఒకే దిక్కు కనుక ఇద్దరూ కలిసి జరుగుతారు. ఒకరి లెక్క తప్పితే ఇద్దరూ ఒకేసారి ముందుకు వచ్చి పాదాలు తొక్కుకుంటారు.

నిమిషానికి సుమారు 120 మాత్రల వేగంతో ఆడతారు. అంటే అర మాత్రకు పావు సెకను మాత్రమే. అంత కొద్దికాలంలో గరిమనాభిని ఎక్కువ దూరం జరపలేం. కనుక అడుగులు చిన్నవిగా వేయండి. మొదట తాళం లేకుండా, ప్రతి అడుగుకూ "బరువు మారిందా?" అని ప్రశ్నించుకుంటూ మెల్లగా సాధన చేయండి.

చివరగా మీకొక ప్రశ్న. వాల్ట్జ్ అనే నృత్యంలో మూడు మాత్రలకు మూడు అడుగులు. ప్రతి ఆవర్తానికీ మొదలుపెట్టే కాలు మారుతుందా? ముందు కాగితంపై లెక్కకట్టి, తరువాత కాళ్ళతో సరిచూడండి.