శాసన ఛాయాగ్రహణమున దీపనిర్ణయము

శాసనపాఠ పరిష్కరణమున ఛాయాచిత్రము సాక్షి వంటిది; సాక్షి తప్పు పలికినచో పాఠము తప్పును. ఈ దోషము తఱచు కెమెరా వలనఁ గాక వెలుతురు వలనఁ గలుగుచున్నది. కెమెరాపై నమర్చిన ఫ్లాషు శిలకు ఎదురుగా వెలిఁగినపుడు అక్షరపు లోఁతునందలి నీడ నశించును. తలకట్టు వంటి సన్నని గీఁతలు కానరావు. ఆ దీపమునే వేఱుచేసి, ఱాతికి ఒక ప్రక్కగా, శిలాతలమునకు 15 డిగ్రీల కోణమున నుంచినచో గీఁత స్పష్టమగును.

ఇఁక దీపముల తారతమ్యము. బ్యాటరీతోఁ బనిచేయు చేతిఫ్లాషు కంటె స్టూడియో స్ట్రోబు పలురెట్లు శక్తి గలది. అయినను దూరము రెట్టింపైనచో వెలుతురు నాలవవంతగును గనుక, శిలకుఁ జేరువ నుంచిన చిన్నదీపము చాలును. విద్యుత్తు లేని ఆలయమంటపములకు మోసికొనిపోవుటకును అదియే సుకరము.

మసి పూసిన తాళపత్రాక్షరములకు నీడతోఁ బనిలేదు. వందలకొలఁది ఆకులపై ఒకే తీరు వెలుతురు కావలెను. ఇచట ఇరువైపుల 45 డిగ్రీల కోణమున నిలిపిన జంట స్ట్రోబులు మేలు.

కావున శాసనమునకుఁ జేతిఫ్లాషు, తాళపత్రమునకు స్ట్రోబు అని మా మతము. అయితే వెలుతురు దిశనే సాగు గీఁతకు నీడ పడదు. అందుచేత శిలను ఎడమ, కుడి, పై దిక్కులనుండి వేర్వేఱుగాఁ జిత్రించి పోల్చిన పిమ్మటనే అక్షరమును నిర్ణయింపవలెను.