నూతి నీటికి లెక్క యెవరి చేతిలో నుండవలెను?

వేసవి ముదిరి చెఱువు లెండినపుడు చెన్నపురిలోని మన మిద్దెయిండ్లకు లారీలలో వచ్చు నీరు ఏ యూరిదని యడుగువారు మనలో అరుదు. 2019లో పూండి, చోళవరము, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కము చెఱువులు నాలుగును ఇంచుమించు వట్టిపోయినపుడు నగరమును ఆదుకొన్నవానిలో చుట్టుపట్టుల నూతులును కలవు. తిరువళ్లూరు జిల్లాలోని ఆ పల్లెలలో తెలుగు మాటలాడు రైతుకుటుంబములు తరతరములుగా నున్నవి. కావున ఈ వ్యవహారమున మనము కేవలము ప్రేక్షకులము కాము.

ఈ కథ క్రొత్తది కాదు. మింజూరు, పంచెట్టి, తామరైపాక్కము మొదలగు చోట్ల నగరము కొఱకు వేసిన బోరుబావులు దశాబ్దములుగా నీరు తోడినవి. తోడినంతగా వాన నింపలేదు. మింజూరు వైపున సముద్రపు ఉప్పునీరు నేలలోనికి చొచ్చుచున్నట్లు 1969 నాటికే కనుగొనబడినది. అట్లుండియు 2000 తరువాతి కరవులలో నగరపు నీటిబోర్డువారు రైతుల బావుల నీటిని వెలయిచ్చి కొనిరి. వరి పండించుటకంటె నీరమ్ముట లాభమైనపుడు రైతును తప్పుపట్టలేము. కాని అమ్మినవాని బావితోపాటు అమ్మని పొరుగువాని బావియు దిగిపోవును. వానికి దక్కిన వెల సున్న. పైరు లేక పని పోయిన కూలివాని మాట యెత్తువారే లేరు. వ్యవసాయపు మోటార్లకు 1990 ప్రాంతమునుండి కరెంటు ఉచితము; తోడిన నీటికి మీటరును లేదు, లెక్కయు లేదు.

శాసనమేమి చెప్పుచున్నది? నిర్ణీతమగు కాలువగా పాఱని భూగర్భజలమును తన హద్దులలో తోడుకొనుట భూమిగలవాని హక్కని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము. పల్లెలలో కపిల తప్ప మోటారు లేని కాలపు న్యాయమది! 1987లో మహానగరమునకును, షెడ్యూలులోని పల్లెలకును ప్రత్యేక చట్టము చేసి, నూతికి అనుమతియు, నీటి తరలింపునకు లైసెన్సును ఏర్పఱచిరి. రాష్ట్రమంతటికి 2003లో చేసిన చట్టము అమలునకు రాకయే 2013లో రద్దయినది. నీటి యాజమాన్యమును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో 1992 రాజ్యాంగ సవరణ చేర్చినది. చేర్చుట వేఱు, ఇచ్చుట వేఱు.

రుసుము హెచ్చించుమని మేము కోరుట లేదు. ఏ బావినుండి ఎన్ని లారీలు పోయినవి, రుసుమెంత వచ్చినది, అది యే ఖాతాను చేరినది యను పుస్తకము గ్రామసభ ముందుంచవలెను. కొలతబావిలో మట్టము నిర్ణయించిన గుర్తుకంటె దిగినచో లైసెన్సు తనంతట ఆగిపోవలెను. పంచాయతీ అధ్యక్షుడే లారీల యజమాని యైనచో నేమగునని మిత్రులొకరు మమ్మడిగిరి. ఆక్షేపణ సరియైనదే, అందుచేతనే పుస్తకము కచేరీ బీరువాలో గాక గోడమీద నుండవలెననుచున్నాము.

దృష్టాంతమునకు దూరము పోనక్కఱలేదు. 2003 నుండి కొన్ని యేండ్లు అనంతపురము, చిత్తూరు, కడప, ప్రకాశము మొదలగు ఏడు జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నొక పథకము నడచినది. ఆఱువందలకు పైగా గ్రామములలో రైతులే, ఆడువారు సహితము, వానను కొలిచిరి, బావుల మట్టము కొలిచిరి, రబీకి ముందు కలిసి కూర్చుండి ఉన్న నీటికి తగిన పైరేదో లెక్క వేసికొనిరి. ఎవరిని నిర్బంధింపలేదు. లెక్క కంటబడగా పలువురు వరి తగ్గించిరి.

తిరువళ్లూరు పల్లెలకు అట్టి కొలత రావలెనన్నచో మొదట కదలవలసినది కొనువారమగు మనమే. మన వీధి సంఘములు లారీవానికి సొమ్ము చెల్లించుటకు ముందు, రసీదుమీద ఊరిపేరును లైసెన్సు సంఖ్యను వ్రాసి యిమ్మని యడుగవచ్చును. ఇందులకు క్రొత్త చట్టమక్కఱలేదు.