బొమ్మ జరిగితే తప్పు ఫైల్‌దేనా? ఇంటి సీఎన్‌సీ రౌటర్‌పై అపోహలు – వాస్తవాలు

పూజగది తలుపు కోసం టేకు పలక మీద నెమలిని చెక్కుతోంది యంత్రం. తల, మెడ ముచ్చటగా వచ్చాయి. పింఛం దగ్గరికి వచ్చేసరికి బొమ్మంతా నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. అక్కణ్ణుంచి చివరిదాకా ఆ జరిగిన చోటే, ఎక్కడా తడబడకుండా, నిక్కచ్చిగా చెక్కుకుంటూ పోయింది. ఇలా జరిగినప్పుడు చాలామంది డిజైన్ ఫైల్ మళ్లీ తయారుచేస్తారు, లేదంటే సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తగా ఎక్కిస్తారు. కంప్యూటర్ నడిపే యంత్రం కాబట్టి తప్పు కంప్యూటర్‌లోనే ఉంటుందన్నది ఈ మెషీన్ల చుట్టూ అల్లుకున్న అపోహలన్నిటిలోకీ పెద్దది.

ఇళ్లలో, చిన్న వర్క్‌షాపుల్లో వాడే సీఎన్‌సీ రౌటర్లను ఎక్కువగా స్టెప్పర్ మోటార్లు నడుపుతాయి. సాధారణంగా ఈ మోటార్ ఒక చుట్టును 200 స్టెప్పుల్లో, అంటే స్టెప్పుకు 1.8 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. చౌకగా దొరికే 3018 రకం మెషీన్‌నే తీసుకుందాం. దాని పని జాగా 300, 180 మిల్లీమీటర్లు కాబట్టి ఆ పేరు. చాలావాటిలో మోటార్‌కు కరెంటు అందించే డ్రైవర్ చిప్ ఒక్కో స్టెప్పును 16 భాగాలు చేస్తుంది, లీడ్ స్క్రూ చుట్టుకు 4 మిల్లీమీటర్లు జరుపుతుంది. లెక్క వేస్తే మిల్లీమీటరుకు 800 పల్స్‌లు. కంట్రోలర్ బోర్డు ఆ పల్స్‌లను పంపి ఊరుకుంటుంది. మోటార్ నిజంగా తిరిగిందో లేదో తెలుసుకునే ఏర్పాటు దానికి లేదు. కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెడుతూ నడిచే మనిషి లాంటిది ఈ యంత్రం. దారిలో ఎవరైనా ఒక్క తోపు తోస్తే లెక్క సరిగానే ఉంటుంది, చేరే చోటే మారిపోతుంది. చెక్కను కోసే బిట్ ఒక ముడి దగ్గర బిగుసుకుని మోటార్ కొన్ని స్టెప్పులు తప్పితే జరిగేది ఇదే.

ఫైల్‌లో తప్పుంటే ఎన్నిసార్లు నడిపినా అదే చోట, అదే కొలతలో కనిపిస్తుంది. స్టెప్పులు తప్పితే సాధారణంగా ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ. తేల్చుకోవడానికి మంచి ఉపాయం ఉంది. బిట్ తీసేసి, దాన్ని తిప్పే స్పిండిల్‌ను చెక్కకు బాగా పైన ఉంచి, అదే ఫైల్‌ను గాలిలో నడిపించాలి. ముగిశాక స్పిండిల్ సరిగ్గా మొదలైన చోటికే వస్తే, చెక్కేటప్పుడు భారం ఎక్కువవుతోందని అర్థం. లోతు తగ్గించాలి, బిట్ పదును చూడాలి. గాలిలో కూడా తప్పితే మరలు, కరెంటు, వేగం సెట్టింగుల్లో వెతకాలి. మొదట చూడాల్సింది మోటార్ షాఫ్ట్‌ను లీడ్ స్క్రూకి కలిపే కప్లింగ్ మీది గ్రబ్ స్క్రూని. షాఫ్ట్ మీదా కప్లింగ్ మీదా కలిసేలా మార్కర్‌తో ఒకే గీత గీసి పెట్టాలి. కొన్నాళ్లకు ఆ గీత రెండుగా విడిపోయి కనిపిస్తే జారుతున్నది ఎక్కడో తెలిసిపోయినట్టే. సాఫ్ట్‌వేర్ నిపుణుడు అక్కర్లేదు, అలెన్ కీ చాలు.

మోటార్ వేడెక్కితే పాడైపోతోందని కంగారుపడటం ఇంకో అపోహ. స్టెప్పర్ మోటార్ కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా, ఆ స్థానాన్ని పట్టి ఉంచడానికి కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. చెయ్యి పెట్టలేనంత వేడి దానికి మామూలే. పట్టించుకోవలసిన వేడి బోర్డు మీది డ్రైవర్ చిప్‌ది. మరీ కాగితే అది తనను తాను కాపాడుకోవడానికి క్షణంపాటు ఆగుతుంది, ఆ క్షణంలో స్టెప్పులు పోతాయి. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెలలో పొద్దున చక్కగా పనిచేసిన మెషీన్ మధ్యాహ్నం బొమ్మలు జరిపేస్తుంటే ముందుగా హీట్ సింక్ మీద, బోర్డు ఫ్యాన్ మీద పేరుకున్న పొట్టును చూడాలి. కరెంటు ఉండగా మోటార్ వైరును మాత్రం ఎప్పుడూ పీకకూడదు. ఆ ఒక్క పనితో డ్రైవర్ కాలిపోవచ్చు.

కొలతలు తేడా వస్తే సెట్టింగుల్లో స్టెప్స్ విలువ, అంటే మిల్లీమీటరుకు ఎన్ని పల్స్‌లన్నది, మార్చేయాలని చాలామంది అంటారు. కొన్నిసార్లు అది నిజమే, చాలాసార్లు కాదు. మెషీన్‌ను ఒకే దిక్కులో 20 మిల్లీమీటర్లు, ఆ తర్వాత 200 మిల్లీమీటర్లు జరిపి కొలవాలి. తేడా దూరంతో పాటు పెరిగితే స్టెప్స్ విలువ తప్పు. అప్పుడు పాత విలువను అడిగిన దూరంతో గుణించి, వచ్చిన దూరంతో భాగించాలి. అలా కాక, దిక్కు మారిన ప్రతిసారీ దూరంతో పనిలేకుండా ఒకే తేడా కనిపిస్తే అది బ్యాక్‌లాష్, అంటే స్క్రూకీ నట్‌కీ మధ్య ఉన్న వదులు. గుండ్రం గీయమంటే వంకరగా రావడం దాని గుర్తు. నట్ అరిగితే నట్ మార్చాలి. అంకెలు మార్చి దాన్ని కప్పిపుచ్చితే ఒక బొమ్మ సరిపోతుంది, తర్వాతిది చెడుతుంది.

ఇక అందరికీ నచ్చే అపోహ ఒకటుంది: నెమ్మదిగా నడిపితే మెషీన్‌కీ, బిట్‌కీ, చెక్కకీ మంచిదని. మంచి ఉద్దేశంతో చెప్పే ఈ సలహా ఎన్నో బిట్లను కాల్చేసింది. బిట్ పదును ఒక్కో తిప్పులో ఎంత మందం చెక్కను తీస్తుందన్నదే అసలు లెక్క. ఫీడ్ వేగాన్ని, అంటే బిట్ చెక్కలో ముందుకు సాగే వేగాన్ని, స్పిండిల్ తిప్పులతోనూ, బిట్‌కున్న పదునుల సంఖ్యతోనూ భాగిస్తే అది వస్తుంది. నిమిషానికి 18,000 తిప్పులు, రెండు పదునులు, 600 మిల్లీమీటర్ల ఫీడ్ అనుకుందాం. ఒక్కో పదునుకు దక్కేది 0.017 మిల్లీమీటరు మాత్రమే. అంత పల్చగా అయితే బిట్ కోయదు, రాస్తుంది. రాపిడికి చెక్క నల్లబడుతుంది, బిట్ మొద్దుబారుతుంది. అదే ఫీడ్ 2,400 చేస్తే 0.067 వస్తుంది, పొట్టు ముక్కలుగా లేచి వేడిని తనతో తీసుకుపోతుంది. అంత ఫీడ్‌ను చిన్న మెషీన్ తట్టుకోలేకపోతే తిప్పులు తగ్గించాలి, లోతు తగ్గించాలి. ఎండీఎఫ్ పలకను ఎలా కోసినా పొడే వస్తుంది. టేకు మీద మాత్రం పిండిలాంటి పొడి వస్తోందంటే ఏదో తేడా ఉన్నట్టే. టేకులో సహజంగా సిలికా ఉంటుంది కాబట్టి మామూలుగానే బిట్లు అందులో త్వరగా అరుగుతాయి.

నూనె ఎంత పోస్తే అంత మంచిదన్న నమ్మకం కుట్టుమిషన్ల రోజుల నుంచి వచ్చి ఉండాలి. లీడ్ స్క్రూ మీద చిక్కటి నూనె రాస్తే దానికి పొట్టు అంటుకుని ముద్దవుతుంది, ఆ ముద్దే నట్‌ను అరగదీస్తుంది. స్క్రూని శుభ్రంగా తుడిచి, ఆరిపోయే రకం పీటీఎఫ్ఈ లూబ్రికెంట్ పల్చగా రాస్తే చాలు. ప్లాస్టిక్ వీ-చక్రాలకు అదీ అక్కర్లేదు. కంప్రెసర్ గాలితో పొట్టు ఊదేయడం చూడటానికి బాగుంటుంది కానీ, ఆ గాలే పొట్టును బేరింగుల్లోకీ లిమిట్ స్విచ్‌లలోకీ తోస్తుంది. మెత్తటి బ్రష్, వాక్యూమ్ మేలు.

పని మధ్యలో మెషీన్‌తో కనెక్షన్ తెగితే లాప్‌టాప్‌కు వైరస్ పట్టిందంటారు. చాలాసార్లు అసలు కారణం ఎర్తింగ్. స్పిండిల్ మోటార్ బ్రష్‌ల మెరుపులు, వాక్యూమ్ పైపులో పుట్టే స్టాటిక్ కరెంటు యూఎస్‌బీ కేబుల్‌లో చొరబడి సంకేతాన్ని చెడగొడతాయి. మూడో పిన్నును విరగ్గొట్టి పెట్టిన ప్లగ్గులు మన ఇళ్లలో తక్కువేం కాదు. వేసవిలో ఎర్త్ గొయ్యి ఎండిపోయినా ఇదే ఇబ్బంది. గొయ్యిలో నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. పొట్టిగా, షీల్డ్ ఉన్న యూఎస్‌బీ కేబుల్ వాడి, దాన్ని స్పిండిల్ వైరుకు దూరంగా లాగాలి. లాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసుకోవాలి.

పాజ్ నొక్కితే అంతా ఆగుతుందనుకోవడం వీటన్నిటికంటే ప్రమాదకరం. చిన్న మెషీన్ల బోర్డుల్లో విరివిగా వాడే జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాజ్, అంటే ఫీడ్ హోల్డ్, కదలికను ఆపుతుంది, స్పిండిల్ తిరుగుతూనే ఉంటుంది. ఒకేచోట తిరిగే బిట్ చెక్కను మాడ్చి నిప్పు పుట్టించగలదు. స్పిండిల్‌తో సహా కరెంటు మొత్తం కోసేసే ఎర్ర బటన్ చేతికందే దూరంలో ఉండి తీరాలి. మెషీన్‌ను నడుస్తుండగా వదిలి భోజనానికి వెళ్లకూడదు. పొట్టు సహజమైనదే కదా, ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలన్న మాట కూడా నమ్మదగింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. సన్నటి ధూళిని తువ్వాలు ఆపలేదు. ఎన్95 మాస్కు, బిట్ పక్కనే పొట్టును లాగేసే వాక్యూమ్ రెండూ కావాలి. ఆ వాక్యూమ్ సంచిలోకి చేరిన ఒక్క నిప్పురవ్వ చాలాసేపటి తర్వాత కూడా రాజుకోగలదు కాబట్టి, పని ముగిశాక దాన్ని ఇంటి బయట మూత ఉన్న ఇనప డబ్బాలో ఖాళీ చేయాలి.