డప్పు చప్పుడు కొలిచే చదువు

సంగీత సాంకేతికత అంటే కీబోర్డు వాయించడమే అనుకునేవారు చాలామంది. కానీ విశ్వవిద్యాలయాల్లో మొదట చెప్పేది ధ్వనిని అంకెలుగా మార్చడం. సీడీలో ఒక్క సెకను ధ్వనిని 44,100 సార్లు కొలిచి నమోదు చేస్తారు. మనిషి చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తేనే వినిపించేదంతా దొరుకుతుంది.

దొరికిన ధ్వని సంగీత వాద్యానిదే కానక్కర్లేదు. 1948లో పారిస్‌లో పియెర్ షఫేర్ రైళ్ల చప్పుళ్లు రికార్డు చేసి, వాటితోనే ఒక రచన కూర్చాడు. ఆర్మూర్ ప్రాంతంలో ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను డ్రమ్ములో వేసి తిప్పుతూ పాలిష్ పడతారు. కొమ్ములు ఒకదానికొకటి రాసుకునే ఆ గరగర కూడా, రికార్డు చేసిన చప్పుడును వాద్యంలా వాడుకునే శాంప్లింగ్ నేర్చుకునే విద్యార్థికి మంచి ముడిసరుకే.

అసలు పరీక్ష డప్పుతో. డప్పును మంట దగ్గర కాస్తారు. తోలు బిగిసేకొద్దీ శ్రుతి పెరుగుతుంది, చల్లారితే మళ్లీ దిగుతుంది. ఒక చేతిలోని సిర్ర అనే కర్ర, మరో చేతిలోని సిటికెన పుల్ల వేరువేరు నాదాలు పలికిస్తాయి. పెళ్లి ఊరేగింపుల్లో వాయించే ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లో ఇదంతా ఒకటే ‘ధన్’ అయిపోతుంటే తప్పు ప్యాడ్‌ది కాదు, శాంపిల్ చేసినవాళ్ల బద్ధకానిది. ఎలక్ట్రానిక్ వాద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే మిడి పద్ధతిలో దెబ్బ బలానికి 1 నుంచి 127 దాకా విలువలుంటాయి. మెల్లగా, గట్టిగా, అంచున, నడుమన కొట్టిన దెబ్బలను విడివిడిగా రికార్డు చేసి ఆ విలువలకు జత చేస్తే డప్పు డప్పులా పలుకుతుంది.

గమకం దగ్గర చిక్కు ఇంకాస్త ముదురుతుంది. కీబోర్డులో స్థాయికి పన్నెండు మెట్లే. కర్ణాటక సంగీతంలో స్వరం ఒకచోట నిలవదు, ఊగుతుంది; ఆ ఊపే గమకం. 1983లో వచ్చిన మిడిలో స్వరాన్ని వంచడానికి 16,384 అంచెలు ఉన్నా, ఒక చానెల్‌లో మోగే స్వరాలన్నీ కలిసే వంగుతాయి. ఒక్కో స్వరాన్ని విడిగా వంచే ఎంపీఈ పద్ధతికి 2018లో గాని ఆమోదం రాలేదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఇంకో దారి పట్టాడు. మామూలు మాండొలిన్‌లో నాదం త్వరగా ఆరిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంట తంత్రుల బదులు ఐదు ఒంటి తంత్రులు బిగించి, గమకాన్ని వేళ్లతోనే సాధించాడు.

మన దేశంలో ఈ చదువుకు తొలి అడుగు సినిమా స్టూడియోలో పడలేదు. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో ఏర్పాటు చేశాడు. అది కొన్నేళ్లకే మూలపడింది.

ఇప్పుడు దారులు రెండు మూడు ఉన్నాయి. చెన్నైలో ఎ.ఆర్. రెహమాన్ 2008లో ప్రారంభించిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ సంగీతంతో పాటు సాంకేతికతనూ నేర్పుతుంది. పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సుకు డిగ్రీతో పాటు ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలనేది నియమం. గణితం, కంప్యూటర్ వైపు మొగ్గు ఉన్నవారికి పరిశోధన దారి ఉంది. బార్సిలోనాలోని పాంపెవు ఫాబ్రా విశ్వవిద్యాలయం నడిపిన కాంప్‌మ్యూజిక్ పథకంలో ఐఐటీ మద్రాస్ పరిశోధకులు పాలుపంచుకుని, రాగాన్నీ తాళాన్నీ కంప్యూటర్‌తో గుర్తించే పద్ధతులపై పనిచేశారు.