డెస్క్‌టాప్ ప్రాసెసర్ల పనితీరు - మెమొరీ వేగం: రైజెన్ శ్రేణి ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్ విపణిలోకి వచ్చిన ప్రతిసారీ దానికి ఎంత వేగం గల మెమొరీని జతచేయాలన్న ప్రశ్న తలెత్తుతుంది. పరిమితమైన నిధితో కంప్యూటర్ కొనవలసిన పరిశోధక విద్యార్థికీ, ప్రయోగశాలకు ముప్పై యంత్రాలను సిఫారసు చేయవలసిన అధ్యాపకునికీ ఇది నేరుగా డబ్బుతో ముడిపడిన ప్రశ్న. మెమొరీ పెట్టెపై ముద్రించిన సంఖ్య ఎంత పెరిగితే పనితీరు అంత పెరుగుతుందన్న నమ్మకం కొనుగోలుదారుల్లో బలంగా ఉంది. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఏఎండీ సంస్థ 2017 నుండి వెలువరిస్తున్న రైజెన్ ప్రాసెసర్ల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ప్రాసెసర్ వేగం పెరిగినంత త్వరగా మెమొరీ వేగం పెరగడం లేదనీ, ఈ అంతరం ఒకనాటికి గోడలా అడ్డు నిలుస్తుందనీ విలియం వుల్ఫ్, శాలీ మెక్కీ 1995లోనే హెచ్చరించారు. 'మెమొరీ గోడ' అన్న వ్యవహారం వారి వ్యాసంతోనే ప్రచారంలోకి వచ్చింది.

వేగం - జాప్యం:

మెమొరీ వేగం అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు గుణాలు కలిసిపోయి ఉన్నాయి. ఒక సెకనులో ఎంత దత్తాంశం ప్రవహించగలదన్నది మొదటిది. అడిగిన దత్తాంశం చేరడానికి ఎంతసేపు పడుతుందన్నది రెండవది. డీడీఆర్4-3200 మెమొరీని రెండు చానెళ్లలో అమర్చినప్పుడు సెకనుకు గరిష్ఠంగా 51.2 గిగాబైట్లు, డీడీఆర్5-6000కు 96 గిగాబైట్లు ప్రవహించగలవు. ప్రవాహం దాదాపు రెట్టింపైంది. జాప్యం మాత్రం అలా తగ్గలేదు. సీఎల్16 గల డీడీఆర్4-3200లోనూ, సీఎల్30 గల డీడీఆర్5-6000లోనూ ఆ విరామం సరిగ్గా 10 నానోసెకన్లే. తొలినాళ్లలో వచ్చిన సీఎల్40 డీడీఆర్5-4800లో అది 16.7 నానోసెకన్లు. అంటే కొత్త తరం మెమొరీ ఈ ఒక్క అంశంలో పాతదానికంటే వెనుకబడింది. పైగా ఇది మొత్తం జాప్యంలో ఒక భాగం మాత్రమే. ప్రాసెసర్ కోర్ నుండి మెమొరీకి వెళ్లి తిరిగివచ్చే పూర్తి ప్రయాణానికి 70 నానోసెకన్లు పట్టిందనుకుంటే, 5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది 350 గడియార స్పందనల నిరీక్షణ.

రైజెన్ అనుభవం:

2017 మార్చిలో వచ్చిన తొలి రైజెన్ ప్రాసెసర్లలో నాలుగేసి కోర్లు గల రెండు సముదాయాలను 'ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్' అనే అంతర్గత మార్గం కలిపేది. ఆ మార్గపు గడియారం మెమొరీ గడియారంతోనే నడిచేది. డీడీఆర్ మెమొరీ ఒక్కో స్పందనకు రెండుసార్లు దత్తాంశాన్ని పంపుతుంది గనుక డీడీఆర్4-2666 అమర్చినప్పుడు ఫ్యాబ్రిక్ 1333 మెగాహెర్ట్జ్ వద్ద, 2133 అమర్చినప్పుడు 1066 వద్ద నడిచేది. అందువల్ల మెమొరీ వేగం తగ్గితే కోర్ల మధ్య సంభాషణ కూడా మందగించేది. రైజెన్‌కు వేగవంతమైన మెమొరీ తప్పనిసరి అన్న అభిప్రాయం ఇక్కడే పుట్టింది. ఆనాటికి అది సహేతుకమే. అయితే తొలి నెలల్లో ఎక్కువ వేగం గల మెమొరీ చాలా మదర్‌బోర్డులపై స్థిరంగా పనిచేయలేదు. మే నెలలో వచ్చిన బయోస్ సవరణలతో గాని పరిస్థితి మెరుగుపడలేదు.

2019లో వచ్చిన రైజెన్ 3000 శ్రేణిలో ఈ ముడి సడలింది. మెమొరీ వేగం సుమారు 3733 వరకు రెండు గడియారాలూ సమానంగా నడుస్తాయి. అది దాటితే మెమొరీ నియంత్రకం సగం వేగానికి దిగుతుంది, జాప్యం పెరుగుతుంది. ఎక్కువ ధర పెట్టి 4000 వేగం గల మెమొరీ కొన్నవారికి 3600 కొన్నవారికంటే తక్కువ ఫలితం దక్కడానికి కారణం ఇదే.

2022 నాటి రైజెన్ 7000 శ్రేణిలో మరొక పరిమితి కనిపిస్తుంది. ఫ్యాబ్రిక్ సుమారు 2000 మెగాహెర్ట్జ్ వద్ద నడుస్తూ, కోర్లున్న ఒక్కో చిప్‌లెట్‌కు స్పందనకు 32 బైట్ల చొప్పున అందిస్తుంది. అంటే సెకనుకు 64 గిగాబైట్లు. ఒకే చిప్‌లెట్ గల ఎనిమిది కోర్ల ప్రాసెసర్‌కు 96 గిగాబైట్ల మెమొరీని జతచేసినా కోర్లు చదవగలిగేది ఆ 64 మాత్రమే. ఇంటి ముందు పెద్ద కాలువ పారుతున్నా లోపలికి వచ్చేది తూము పట్టినంత నీరే కదా!

అంచనాలు తప్పే చోటు:

జీన్ ఆమ్‌డాల్ 1967లో ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ ఉపకరిస్తుంది. ఒక ప్రోగ్రామ్ తన కాలంలో 20 శాతం మెమొరీ కోసం వేచి ఉంటుందనుకుందాం. మెమొరీ 25 శాతం వేగవంతమైతే ఆ 20 భాగం 16కు తగ్గుతుంది. మొత్తం కాలంలో ఆదా 4 శాతమే. భాగాలుగా విభజించి చేసే మాత్రికా గుణకారం ఎక్కువగా క్యాష్‌లోనే సాగుతుంది గనుక దానికి ఈమాత్రం లాభం కూడా ఉండకపోవచ్చు. విరళ మాత్రికలతో పనిచేసే అనుకరణలకు, పెద్ద పట్టికలను వరుసగా చదివే గణనలకు మాత్రం ప్రవాహమే ప్రాణం. ఏ పని చేయబోతున్నారో చెప్పకుండా మెమొరీ వేగాన్ని సిఫారసు చేయడం అర్థరహితం.

మెమొరీని వేగవంతం చేయడానికి బదులు దాని అవసరాన్నే తగ్గించవచ్చునని 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ చూపింది. మూడవ స్థాయి క్యాష్‌ను 32 నుండి 96 మెగాబైట్లకు పెంచడంతో, గడియార వేగం తగ్గినప్పటికీ, అనేక ఆటలలో అది 5800ఎక్స్‌ను మించిపోయింది.

కొనుగోలు వేళ మరచిపోయే అంశాలు రెండున్నాయి. ఒకే మెమొరీ పలకను అమర్చితే ఒక చానెల్ ఖాళీగా ఉండి ప్రవాహం సగమవుతుంది. ఇది 5200కు 6000కు మధ్య ఉన్న తేడా కంటే ఎన్నో రెట్లు పెద్ద నష్టం. ఇక రెండవది: రైజెన్ 7000 శ్రేణికి రెండు పలకలతో అధికారికంగా హామీ ఇచ్చిన వేగం 5200 కాగా, నాలుగు పలకలతో అది 3600 మాత్రమే. ఇప్పుడు రెండు పలకలు కొని, నిధులు వచ్చాక మరో రెండు చేర్చుదామనుకునే విభాగాలు ఆ రెండింటినే పెద్ద పరిమాణంలో ముందే తీసుకోవలసి ఉంటుంది.