చెట్టు చెట్టుకో రుచి!

ఫ్రాన్సులో వైను సీసా మీద తోట పేరు ఉంటుంది. మోత్కూరులో కల్లుకు చీటీ ఉండదు. కానీ తాగేవాళ్లకు అది ఏ చెట్టుదో తెలుసు!

ద్రాక్షల్లో మెర్లోది మెత్తని స్వభావం. త్వరగా పండుతుంది. దాంతో చేసిన ఎర్ర వైనులో వగరు తక్కువ. బోర్డో ప్రాంతంలోని పొమెరోల్ బంకమట్టి నేలల్లో పండితే దాని విలువే వేరు. అక్కడివాళ్లు రుచికి మూలం నేల అంటారు.

ఈ లెక్క మన పల్లెలకు కొత్తేం కాదు. ఒకప్పటి నల్గొండ జిల్లాలో, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న మోత్కూరు చుట్టుపక్కల తాటిచెట్టును ‘తాడు’ అంటారు. పోతుతాడు, పండుతాడు... రెండింటినీ గీస్తారు. దేని కాలం దానిదే, దేని రుచి దానిదే. చలికాలంలో ఈతకల్లు తియ్యదనం ఇంకో రకం. గట్టు మీది చెట్టుకూ చెరువు కిందిదానికీ తేడా చెప్పే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు.

పొద్దున తీపి... సాయంత్రం పులుపు

వైను తయారీకి నెలలు పడితే, కల్లుకు గంటలు చాలు. తాటిగెల చివర పల్చగా చెక్కితే రసం బొట్లు బొట్లుగా లొట్టిలోకి జారుతుంది. గాలిలో, లొట్టిలో ఉండే ఈస్టు ఆ చక్కెరను వెంటనే పులియబెట్టడం మొదలుపెడుతుంది. అందుకే తెల్లవారుజామున దించింది తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నురగ, ఘాటు పెరుగుతాయి. ఇంకా ఉంచితే వెనిగరులా పులుస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే మాత్రం పులవదు. అదే నీరా. మత్తు ఉండదు కాబట్టి పిల్లలూ తాగొచ్చు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్ మొదలైంది కూడా.

మెర్లో సీసాను ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. కల్లును రేపటికి దాచలేం. దాని అందమంతా ఆ తాజాదనంలోనే. తాటాకు రేక దోసిట్లో పట్టుకుని, చెట్టు కిందే తాగడంలో ఉన్న రుచి పట్నం గ్లాసులో ఎక్కడిది?

మోకు మీదే ప్రాణం

ఆ రుచి వెనక గీత కార్మికుడి ప్రాణం ఉంది. మోకు, ముస్తాదు కట్టుకుని రోజూ చెట్లెక్కాలి. గీత ఆగితే గెల ఎండిపోతుంది. అందుకే వానైనా, జ్వరమైనా ఎక్కాల్సిందే. కాలు జారితే బతుకే తలకిందులు. గౌడన్నలు కాటమయ్యకు మొక్కి చెట్టెక్కేది అందుకే. ఆయన పేరుతోనే 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీ ప్రారంభించింది. పట్టు తప్పినా కింద పడకుండా ఆపే ఏర్పాటు అది.

ఈ కులవృత్తికి చరిత్ర కూడా తక్కువేం లేదు. 1708లో ఓరుగల్లు మీద, మరుసటి ఏడాది భువనగిరి మీద దాడి చేసిన సర్వాయి పాపన్న గీత కుటుంబంలో పుట్టినవాడే.

అసలు శత్రువు కల్తీ

చెట్టు నుంచి వచ్చేది కొద్దిగానే. అడిగేవాళ్లేమో ఎక్కువ. ఈ సందులోనే కల్తీ దూరింది. నీళ్లలో తీపి కలిపి, మత్తుకోసం క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్ప్రజోలమ్ లాంటివి వేస్తే అది కల్లు కాదు, విషం. వీటికి అలవాటుపడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మతి తప్పడం, మూర్ఛలు రావొచ్చు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

నిజమైన కల్లయినా మత్తు పానీయమే, మితం తప్పదు. కానీ దాన్ని కల్తీతో ఒకే గాటన కట్టేస్తే నష్టపోయేది నిజాయతీగా చెట్టెక్కేవాడే. ఫ్రాన్సు వాళ్లు తోట పేరును చట్టంతో కాపాడుకున్నారు. మన తాడుకు ఆ కాపలా లేదు. విత్తితే గీతకొచ్చేసరికి పన్నెండేళ్లకు పైనే పట్టే చెట్టు అది. ఇవాళ ఒకటి కొట్టేస్తే ఆ రుచి మళ్లీ దొరికేది మన పిల్లలు పెద్దయ్యాకే!